ఉద్దానం బడుల్లో గుండ్రం

2004 జూలై 12, సోమవారం

వరండాలో నెత్తురు చుక్కలు. ఎవరో నీళ్ళు పోసి కడిగారు. అయినా గచ్చు మీద ఎరుపు పూర్తిగా పోలేదు.

నేను బడి చూడటానికి వెళ్ళిన రోజే జరగాలా ఇది! తొమ్మిదేళ్ళు తెలుగు చెప్పిన హైస్కూలు. ఇప్పుడు మండల రిసోర్స్ పర్సన్‌నని సంచీ తగిలించుకుని బడి బడికీ తిరుగుతున్నాను గానీ, ఆ గేటు దాటితే ఇంకా నా బడే అనిపిస్తుంది.

తొమ్మిదో తరగతి. సముద్రం ఒడ్డు ఊరి నుంచి వచ్చే నీలవేణి స్టీలు టిఫిన్ బాక్సు విసిరింది. సుజాత ముందు పన్ను సగానికి విరిగింది. పెదవి చీలింది, కుట్లు పడ్డాయి. సుజాత వాళ్ళది కొబ్బరితోటల ఊరు, తండ్రి రైతు.

హెడ్మాస్టరు గారు అప్పటికే టీసీ పుస్తకం తెరిచి కూర్చున్నారు. "ఇలాంటి పిల్లని ఉంచుకుంటే రేపు బడి నడవదమ్మా." ఎన్నో ఏళ్ళుగా బెత్తంతో బడి నడిపిన మనిషి. చెడ్డవాడు కాదు.

నా సంచీలో విశాఖపట్నం శిక్షణ కాగితాలు. పది రోజులు నేర్పారు... తప్పు చేసిన పిల్లని బయటికి నెట్టకుండా, దెబ్బ తిన్న పిల్లనీ, ఇద్దరి పెద్దలనీ, టీచర్లనీ గుండ్రంగా కూర్చోబెట్టాలి. ఏం జరిగింది, ఎవరికి నొప్పి కలిగింది, దాన్ని సరిచేయాలంటే ఏం కావాలి — అందరి నోటా చెప్పించాలి. కాగితం మీద బాగుంది. నేనెప్పుడూ చేసి చూడలేదు.

"కొన్ని రోజులు ఆగండి సార్."

పెన్నుకి మూత పెట్టారు. "శనివారం దాకా."

జూలై 13

ఆటో దిగి ఇసకలో నడక. చెప్పులు చేత్తో పట్టుకుని. నీలవేణి తల్లి గంగమ్మ నెత్తళ్ళు ఎండబెడుతోంది. నన్ను చూసి లేవలేదు. చేపలు పరవడం ఆపనూ లేదు.

"కొట్టీనాది. నాను కాదన్ను. బడి మానిపించీసినాను. ఇంకేటి గొడవ నేదు గదా టీచరమ్మా?"

ఉంది. ఆ ఊరి నుంచి హైస్కూలుకి వచ్చే ఆడపిల్లలెవరూ ఇవాళ బడికి పోలేదు. పిల్ల మీద కేసు పెడతారని ఊరంతా భయం. ఆ ఊళ్ళో ఆడపిల్లలు తొమ్మిదో తరగతి దాకా రావడం ఇదే మొదలు. అది నాకు తెలుసు. ఇల్లిల్లూ తిరిగి వాళ్ళని ఆరో తరగతిలో చేర్పించింది నేనే.

నీలవేణి గుమ్మంలో నిలబడి ఉంది. వచ్చేస్తుంటే వెనక నుంచి —

"సుజాత నా పక్క నుంచి ఎల్లినప్పుడల్లా ముక్కు మూసుకుంటాది టీచర్. నాను రోజూ తానం సేసే వత్తాను."

జూలై 14

సుజాత వాళ్ళ ఇల్లు. తండ్రి కొబ్బరి పీచు గుట్ట పక్కన నిలబడే మాట్లాడాడు.

"పన్ను మల్లీ మొలుత్తాదేటి మేడమ్? ఆడపిల్ల. కేసు పెట్టీడమే."

సుజాత నోటికి ఓణీ అడ్డం పెట్టుకుని కూర్చుంది. కుట్ల వల్ల మాట్లాడలేదు. నా నోటు పుస్తకం తీసుకుని రాసింది: దానికి టీసీ ఇచ్చేస్తారా?

"నీకేం కావాలమ్మా?"

ఏదో రాసింది. కొట్టేసింది. మళ్ళీ రాసింది, మళ్ళీ కొట్టేసింది. ఆ కాగితం ఎంత తిప్పి చూసినా నాకు చదవడం రాలేదు.

జూలై 15

గంగమ్మ సరేనంది. సుజాత తండ్రి కూడా గుండ్రంలో కూర్చోవడానికి ఒప్పుకున్నాడు. ఒక్కసారే వస్తాడట. "తరవాత నా ఇట్టం."

మా ఆయన: నీకెందుకీ తగువులు, బదిలీ అయిపోతావు చూడు.

జూలై 17, శనివారం

ఎలా రాయాలి.

తొమ్మిదో తరగతి గది. బెంచీలు గోడకి నెట్టి కింద జంపకానాలు పరిచాం. డస్టరు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి, మిగతావాళ్ళు వినాలి. అదొక్కటే నియమం. హెడ్మాస్టరు గారు కుర్చీ అడిగారు. లేదన్నాను. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కింద కూర్చున్నారు. పిల్లలు ఆయన్ని అలా చూడటం మొదటిసారి.

నీలవేణి ముందు. "బాక్సు ఇసిరినాను. తగలాలనే ఇసిరినాను." అంతే. డస్టరు పక్కకి ఇచ్చేసింది.

సుజాత. పెదవి వాపు తగ్గలేదు, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "నాను ముక్కు మూసుకుంటే అందరూ నవ్వీవోరు. నవ్విత్తే బాగుండీది." డస్టరు పక్కకి ఇవ్వబోయి ఆగింది — "ఓనాడు అది ఏడిసినాది. నాను సూసినాను. అయినా మల్లీ సేసినాను."

గంగమ్మ డస్టరు పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది. "నీ పన్ను సూత్తంటే నా కడుపు కాలిపోతంది అమ్మి."

సుజాత తండ్రి మాట్లాడకుండా పక్కకి ఇచ్చేశాడు.

హెడ్మాస్టరు గారి వంతు. డస్టరు అటు తిప్పారు, ఇటు తిప్పారు. సుద్దపొడి ఆయన పంచె మీద రాలుతోంది. టీసీ గురించే చెబుతారనుకున్నాను.

"సముద్రం ఒడ్డు పిల్లల్ని ఆఖరి బెంచీలో, కిటికీ పక్కన కూర్చోమని చెప్పింది నేను" అన్నారు. "వాసన వస్తోందని ఒక టీచరు అంటే... గాలి తగులుతుందిలే, మంచిదే కదా అనుకున్నాను. ఆరో తరగతి నుంచి వాళ్ళు అక్కడే కూర్చుంటున్నారు. ఒక్కసారి కూడా మార్చలేదు. ముక్కు మూసుకోవడం సుజాత ఎక్కడ నేర్చుకుంది? ఇక్కడే. నా దగ్గరే."

నీలవేణి వైపు తిరిగారు. రెండు చేతులూ జోడించారు. డస్టరు ఆ చేతుల మధ్యనే ఉంది.

నీలవేణి లేచి నిలబడిపోయింది, ఏం చెయ్యాలో తెలియక. "ఒద్దు సార్... ఒద్దు సార్..." అంటోంది. నేను నడిపిస్తున్నానన్న సంగతే మరిచిపోయాను. కన్నీళ్ళు చెంగుతో తుడుచుకుంటూ కూర్చున్నాను.

రెండో చుట్టులో సుజాత తండ్రి నోరు విప్పాడు. "కేసు ఒద్దు. పన్ను కట్టించాల. టెక్కలి తీసుకెళ్తాను. ఈ గుంట కూడా వొచ్చి సూడాల, ఎంత నొప్పో."

"వత్తాను" అంది నీలవేణి.

"నానూ వత్తాను" అంది గంగమ్మ.

ఇకనుంచి ప్రతి సోమవారం అందరి చోట్లూ మారతాయి. హెడ్మాస్టరు గారు బోర్డు మీద తనే రాశారు.

జూలై 18, ఆదివారం

చర్చిలో పాస్టరు గారి వాక్యం చెవికెక్కలేదు. చేతులు జోడించుకున్న ఆ మనిషే కళ్ళ ముందు. ప్రార్థన అంటే అడగడం అనుకునేదాన్ని. ఇవాళ అడగడానికి ఏమీ లేదు. ఊరికే నోరు తెరుచుకుని కూర్చున్నాను.

జూలై 29, గురువారం

పిల్లలతో టెక్కలి వెళ్ళాను, పన్ను కట్టే డాక్టరు దగ్గరికి. మిషను గుయ్‌మనగానే కళ్ళు తిరిగి పడిపోయింది... సుజాత కాదు, నీలవేణి! సుజాత కుర్చీలోంచి దిగి వచ్చి మొహాన నీళ్ళు కొట్టింది. నోట్లో దూదితోనే నవ్వు. డాక్టరు తల పట్టుకున్నాడు.

తిరుగు బస్సులో గంగమ్మకీ సుజాత తండ్రికీ వాదన, తుపాను ముందు ఎవరికి తెలుస్తుందని. కాకులు చెబుతాయంటాడు ఆయన. "కాకులేటి, నీరే సెప్తాది" అంటుంది ఈవిడ. పలాస దాకా తెగలేదు. పిల్లలిద్దరూ ఒకరి మీద ఒకరు వాలి నిద్ర.

ఇదంతా నేను చేసింది కాదు. ఎలా జరిగిందో కూడా నాకు తెలియదు. ప్రభువా!

ఆగస్టు 9, సోమవారం

శ్రీకాకుళం నుంచి పిలుపు. జిల్లా విద్యాధికారి గారు అంతా విన్నారు. నన్నే మూడుసార్లు చెప్పమన్నారు. "మీ వైపు మండలాలన్నిటిలో ఈ గుండ్రాలు మొదలుపెట్టండి. పెద్ద బడీ చిన్న బడీ అని లేదు. మీరే నేర్పండి."

బయటికొచ్చి బస్టాండులో టీ తాగాను. కప్పు చేతిలో ఉందని మరిచిపోయి ఇంకో టీ అడిగాను.

ఆగస్టు 21, శనివారం

పలాసలో టీచర్లకి శిక్షణ. నాకు పది రోజులు నేర్పినది నేను ఒక్క రోజులో నేర్పాలి. అంతకంటే ఎక్కువ ఇవ్వలేమన్నారు.

"అంతమంది పిల్లల్ని గుండ్రంగా ఎక్కడ కూకోబెట్టమంటారు మేడమ్?"

"కొట్టకపోతే నెత్తికెక్కేత్తారు."

వెనక వరసలో కునికిపాట్లు. ముందు వరసలో మాత్రం ఒక కుర్రాడు, రమణ, మందస వైపు బడిలో కొత్తగా చేరిన మేష్టారు. ప్రతి మాటా రాసుకుంటున్నాడు. హెడ్మాస్టరు గారి సంగతి చెప్పినప్పుడు అతని కళ్ళు చెమర్చాయి. ఇలాంటివాళ్ళు పదిమంది ఉంటే చాలనుకున్నాను.

మధ్యాహ్నం తర్వాత అందరికీ బస్సుల తొందర. ప్రశ్నలు ఎలా అడగాలి అన్న భాగం కుదించేశాను. కాగితాలు పంచి, చదువుకోండి అన్నాను.

సెప్టెంబరు 14, మంగళవారం

డొంకూరు. చిన్నపిల్లల బడి. ఒకడి పలక ఇంకొకడు పగలగొట్టాడు, అదీ కేసు. పగలగొట్టినవాడు డస్టరు పట్టుకోగానే ఏడుపు, ఆ ఏడుపులో మాటలన్నీ ఒరియా. టీచరుకి రాదు, నాకూ రాదు. పలక పోయినవాడే లేచాడు. "నాను సెప్తాను టీచర్... వాల్ల నాన్న సేపల వేటకెల్లి ఇంకా రానేదంట. కోపం వొచ్చీసినాదంట."

తన పలక పగలగొట్టినవాడి ఏడుపుని తనే తెలుగులోకి మార్చి చెప్పాడు. చివరి మాట తప్పు చెప్పాడేమో, ఇద్దరూ గొడవపడ్డారు, సరిచేసుకున్నారు.

తండ్రి సాయంత్రానికి వచ్చాడట. బస్సెక్కే ముందు ఎవరో చెప్పారు. హమ్మయ్య.

సెప్టెంబరు 22

కంచిలి దగ్గర ఒక బడిలో డస్టరు లేదు. పీచు తియ్యని కొబ్బరికాయ తిప్పారు. బరువు కదా, అందరూ గబగబా చెప్పేసి పక్కకి ఇచ్చేస్తున్నారు! ఇంటికొచ్చేదాకా నవ్వే.

అక్టోబరు 6, బుధవారం

బడుల నుంచి రిపోర్టులు. బీరువా మీద కట్టలు. పిల్లలు చోట్లు మార్చుకున్నారు, బెత్తం దాచేశారు, తగువులు తగ్గాయి... అన్నీ పూర్తిగా చదివే తీరిక లేదు. 'విజయవంతం' అన్నచోటల్లా ఎర్ర పెన్నుతో టిక్కు. దసరా సెలవుల లోపు శ్రీకాకుళం పంపాలి.

గర్వంగా ఉంది. రాయకూడదేమో. అయినా ఉంది.

నవంబరు 16, మంగళవారం



రమణ మేష్టారి బడికి వెళ్ళాను. నన్ను చూసి ఎంత సంతోషమో. మా బడిలో చేసిన మొదటి గుండ్రం ఏడో తరగతిలోనే మేడమ్ అని తీసుకెళ్ళాడు. హాజరు పట్టీ చూశాను. పార్వతి అనే పిల్ల పేరు ఎదురుగా సెలవుల ముందు నుంచీ అన్నీ సున్నాలు.

"ఈ పిల్ల?"

"గుండ్రం పెట్టింది ఈ పిల్లకే మేడమ్. శారద అనే పిల్లది జామెట్రీ బాక్సు తీసినాది."

"ఎలా పెట్టారు?"

చెప్పాడు. దాపరికం లేకుండా, ఉత్సాహంగా చెప్పాడు. పార్వతిని మధ్యలో కూర్చోబెట్టాడు. చుట్టూ తరగతంతా. డస్టరు చేతికొచ్చిన ప్రతి ఒక్కరూ ఆ పిల్ల వల్ల తమకి ఏం బాధ కలిగిందో చెప్పాలి. ఒక్కొక్కరూ చెప్పారు. పెన్సిలు పోయినవాళ్ళు, రబ్బరు పోయినవాళ్ళు, ఎప్పుడెప్పుడివో అన్నీ. ఆఖర్న తప్పయిపోయిందని పార్వతి చేత అనిపించాడు.

"అనినాది మేడమ్. విజయవంతం అయినాది. రిపోర్టు పంపినాను కదా."

పంపాడు. దాని మీద నా టిక్కు ఉంది. ఎర్రగా.

అతన్ని ఏమనగలను? ప్రశ్నలు ఎలా అడగాలో చెప్పాల్సిన చోట బస్సు టైమైందన్నది నేనే.

నవంబరు 17

పార్వతి వాళ్ళ ఇల్లు. తల్లి రోజూ ఆటోలో పలాస వెళ్తుంది, జీడిపప్పు ఒలిచే పనికి. ఇప్పుడు పిల్లా వెళ్తోంది. ఇద్దరి వేళ్ళూ జీడి రసానికి నల్లబడి, చర్మం పొరలు పొరలుగా లేచిపోయి.

"గుండ్రమో ఏటో అంట గదా, మీరే ఎట్టినారంట" అంది తల్లి.

"అవునమ్మా. నేనే."

"అంతకన్నా నాలుగు దెబ్బలు కొట్టీవలసింది. దెబ్బలు తగ్గిపోతాయి."

పార్వతి తలుపు వెనక. రాలేదు. ఆ తలుపు చెక్క పగుల్లోంచి ఒక కన్ను కనపడింది, తర్వాత అదీ లేదు.

నవంబరు 18

పాత బడికి వెళ్ళి హెడ్మాస్టరు గారికి అంతా చెప్పాను. టిక్కు సంగతి కూడా. ఆయన కళ్ళజోడు తీసి తుడిచారు, పెట్టుకున్నారు.

"మీరు డస్టరు పట్టుకోవాలమ్మా. ఈసారి నడిపేది మీరు కాదు."

"మరి ఎవరు సార్?"

"నేనొస్తాను."

నవంబరు 20, శనివారం

పార్వతి ఇంటి అరుగు. తల్లి, పార్వతి, రమణ, నేను. నడిపింది హెడ్మాస్టరు గారు. ఇలాంటివి చేసేటప్పుడు ఇన్నాళ్ళూ నేను ఏం అడిగేదాన్నో, అవే నన్ను అడిగారు. ఏం జరిగింది? అప్పుడు ఏమనుకున్నారు? ఎవరికి నొప్పి కలిగింది?

జవాబు చెప్పడం ఎంత కష్టమో ఇవాళ తెలిసింది. "తొందరపడ్డాను" అన్నాను. అది చాలదని నాకే తెలుసు. మళ్ళీ చెప్పాను. "మంచిపేరు వచ్చింది. అది ఇంకా రావాలనుకున్నాను. నీ పేరున్న కాగితం చదవకుండా టిక్కు పెట్టాను."

రమణ మాట మొదలుపెట్టి పూర్తిచేయలేకపోయాడు. చిన్న కుర్రాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు. పార్వతి తల్లే మంచినీళ్ళు తెచ్చింది.

చివర్న పార్వతి చేతికి ఇచ్చారు. ఆ నల్లటి వేళ్ళతో డస్టరు గట్టిగా పట్టుకుంది. ఎండ మెల్లగా అరుగు దిగిపోయింది. హెడ్మాస్టరు గారు కదల్లేదు, ఎవరినీ కదలనివ్వలేదు.

"ఆ బాక్సు నాను తియ్యనేదు."

హెడ్మాస్టరు గారు కొద్దిగా ముందుకి వంగారు.

"తీసినావా అని ఎవులూ అడగనేదు. ఎందుకు తీసినావు అనే అడిగినారు."

రమణ తల ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఏడో తరగతి పిల్ల. నేను పది రోజులు నేర్చుకుని, ఊళ్ళన్నిటికీ పంచిపెట్టిన విద్యలో కన్నం ఎక్కడుందో రెండు ముక్కల్లో చెప్పేసింది.

"ఏం కావాలమ్మా నీకు?" హెడ్మాస్టరు గారు అడిగారు.

"తరగతిలో సెప్పాల. సారే సెప్పాల."

నవంబరు 22, సోమవారం

రమణ చెప్పాడు. బల్ల పక్కన నిలబడి, చేతులు కట్టుకుని, పిల్లలు హెడ్మాస్టరు ముందు నిలబడేటట్టు. పార్వతి తియ్యలేదని చెప్పింది, నేను అడగనే లేదు, మధ్యలో కూర్చోబెట్టడం నా తప్పు, మీ అందరి చేతా అలా అనిపించడం నా తప్పు, అన్నాడు. నేను వెనక బెంచీలో కూర్చుని విన్నాను. అతను ఒక్క మాటా మింగలేదు.

అప్పుడు శారద లేచింది. బాక్సు పోయిన పిల్ల.

"సార్... బాక్సు మా ఇంటికాడే ఉంది. బియ్యం డబ్బా ఎనకాల దొరికినాది. సెలవుల్లోనే దొరికినాది. బయపడి సెప్పనేదు."

గదంతా ఆ పిల్ల వైపు తిరిగింది. ఇప్పుడేమవుతుంది? రమణ నా వైపు చూశాడు. నాకూ తెలియదు.

మూడో బెంచీలోంచి ఒక పిల్ల, పేరు కూడా అడగలేదు నేను, చెయ్యెత్తింది.

"దాన్ని మద్దిలో కూకోబెట్టకండి సార్. మాతోపాటే కూకుంటాది."

ఇంకొకళ్ళు, "అవును సార్." ఇంకొకళ్ళు. బెంచీలో జరిగి చోటిచ్చారు. శారద ఏడుస్తూ అక్కడ కూర్చుంది.

ఎవరు నేర్పారు వాళ్ళకి? నేను నేర్పలేదు. రమణ నేర్పలేదు. ఆ పిల్లల చేతే కదా పార్వతిని అన్ని మాటలు అనిపించాం. ఆ పిల్లలే చోటిచ్చారు. బడి బయటికొచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాను.

నవంబరు 23, మంగళవారం

పలాస. జీడిపప్పు పని చేసే షెడ్డు బయట నిలబడ్డాను. మధ్యాహ్నం భోజనానికి వదిలారు. తల్లీ కూతుళ్ళు వచ్చి గోడ నీడన కూర్చుని గిన్నె మూత తీశారు.

అంతా చెప్పాను. రమణ ఏమన్నాడో, శారద ఏమందో, బాక్సు ఎక్కడ దొరికిందో. తల్లి ముద్ద గిన్నెలో వదిలేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పార్వతి ఒకటే అడిగింది.

"శారదని కొట్టినారా?"

"లేదమ్మా."

"మద్దిలో కూకోబెట్టినారా?"

"లేదు. పిల్లలే ఒద్దన్నారు."

తల ఊపింది. ముద్ద కలిపింది, తినలేదు.

"రేపు బడికి వస్తావా?"

షెడ్డు లోపల గంట కొట్టారు. తల్లి లేచింది. పార్వతి లేవలేదు. అరచేతులు తిప్పి, ఆ నల్లటి వేళ్ళ వైపు చూసుకుంటూ —

"ఇవి సూసి నవ్వుతారేమో టీచర్."

నవ్వరని నేను చెప్పలేకపోయాను. ఆ పక్కనే కూర్చున్నాను. రెండోసారి గంట కొట్టారు. పార్వతి ఇంకా నా పక్కనే ఉంది.